శిఖరాన వేటగాడు: శ్రీకాళహస్తి కన్నప్పకొండ గుడి, దాని కళారూపాలు

వ్యాససంగ్రహం

శ్రీకాళహస్తి మహాలయానికి పైన, కొండమీద ఉన్న చిన్న గుడి భక్తకన్నప్పది. తమిళ, తెలుగు కావ్యాలలోనూ, చోళ విజయనగర శిల్పాలలోనూ, శ్రీకాళహస్తి కలంకారీలోనూ, సినిమాలోనూ కన్నప్ప కథ పొందిన రూపాలను ఈ వ్యాసం ఆ గుడి నేపథ్యంలో పరిశీలిస్తుంది. కన్నప్పను చిత్రించిన ప్రతి కళారూపమూ ఒక అనువాద సమస్యను ఎదుర్కొంది. వేటగాడి పూజను ఆగమభాషలోకి మార్చి చెప్పాలా, అతని భాషలోనే ఉంచాలా అన్నది ఆ సమస్య. కొండమీది గుడి ఈ రెండు ధోరణుల మధ్య నిలిచిన స్థలమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కన్నప్ప, తిన్నడు, శ్రీకాళహస్తి, ధూర్జటి, శేక్కిళార్, విజయనగర శిల్పం, కలంకారీ.

1. ఉపోద్ఘాతం

తిరుపతికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, స్వర్ణముఖి ఒడ్డున శ్రీకాళహస్తి ఉంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడేవరకు ఇది చిత్తూరు జిల్లాలో భాగం. ఒకవైపు ఏరు, మరొకవైపు కొండ, నడుమ ఆలయం. పంచభూతలింగాలలో ఇక్కడిది వాయులింగం. నేడు ఇక్కడికి వచ్చే యాత్రికులలో చాలామంది రాహుకేతు పూజల కోసం వచ్చేవారే. వారి దారి గోపురంనుంచి గర్భగుడికి, గర్భగుడినుంచి పూజామండపానికి సాగుతుంది. తల పైకెత్తి చూస్తే ఆలయాన్ని ఆనుకొని ఉన్న కొండమీద ఒక చిన్న గుడి కనిపిస్తుంది. అది భక్తకన్నప్ప గుడి.

ఊరి పేరును స్థలపురాణం మూడు ముక్కలుగా విడదీస్తుంది. శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. లింగాన్ని సేవించి ముక్తి పొందిన ఈ మూడు ప్రాణులకూ ఊరిపేరులో చోటు దక్కింది. ఈ క్షేత్రకథలలో అంతే ప్రసిద్ధుడైన వేటగాడికి పేరులో చోటు లేదు. అతనికి దక్కింది కొండ. మహాశివరాత్రి బ్రహ్మోత్సవాలలో తొలి ధ్వజారోహణం జరిగేది కన్నప్పకొండమీదనే. స్వామివారి ధ్వజారోహణం ఆ మర్నాడు. భక్తుడి జెండా ఎగిరిన తరువాతనే దేవుడి జెండా ఎగరడం ఈ క్షేత్రం పాటిస్తున్న మర్యాద.

ఒక ఆలయచరిత్రను రాసేటప్పుడు సాధారణంగా కట్టించిన రాజులు, శాసనాలు, శిల్పశైలి అనే క్రమంలో సాగుతారు. దిగువ మహాలయానికి ఆ పద్ధతి సరిపోతుంది. చోళులు, యాదవరాయలు, విజయనగర ప్రభువులు అక్కడ తమ గుర్తులు వదిలారు. శ్రీకృష్ణదేవరాయలు 1516లో నూరుకాళ్ల మండపాన్నీ, సుమారు 120 అడుగుల గాలిగోపురాన్నీ నిర్మింపజేశాడు. కొండమీది చిన్న గుడికి ఇంత శిల్పవైభవం లేదు. దాని కళ దాని గోడలకు వెలుపల, పద్యాలలో, స్తంభాలమీద, గుడ్డలమీద విస్తరించి ఉంది. కాబట్టి ఆ గుడి కళాచరిత్రను చెప్పాలంటే కొండ దిగి, ఆ కథ తిరిగిన చోట్లన్నీ తిరగాలి.

2. కొండమీద ఉన్నది ఎవరు?

కన్నప్ప కథకు పాత సాహిత్యాధారాలు తమిళంలో ఉన్నాయి. శైవ తిరుమురైలలో పదకొండవదానిలో నక్కీరర్, కల్లాడర్ అనే ఇద్దరి పేర కన్నప్పమీద వేర్వేరు కృతులు చేరాయి. రెంటి పేరూ ‘తిరుక్కణ్ణప్ప దేవర్ తిరుమఱం’. ‘మఱం’ అనే తమిళపదానికి వీరం, కరకుదనం అనే అర్థాలున్నాయి. దానికి ముందు ‘తిరు’ చేర్చడంలోనే కవుల దృష్టి తెలుస్తుంది. కరకుదనాన్ని వారు తొలగించలేదు, పూజ్యం చేశారు. 12వ శతాబ్దంలో శేక్కిళార్ రచించిన పెరియపురాణం ఈ కథకు విస్తృతమైన కావ్యరూపం ఇచ్చింది.

పెరియపురాణంలో తిణ్ణనార్ పొత్తప్పినాటిలోని ఉడుప్పూరు వేటరాజు నాగన్ కొడుకు. అడవిపందిని వెంటాడుతూ నాణన్, కాడన్ అనే ఇద్దరు సహచరులతో ఏటి దగ్గరికి వస్తాడు. ఆ ఏరు పొన్‌ముగలి, అంటే నేటి స్వర్ణముఖి. ఎదురుగా కనిపించిన కొండమీద ఎవరున్నారని అడిగితే, అక్కడ కుడుమిత్తేవర్ ఉన్నాడని నాణన్ చెబుతాడు. ‘కుడుమి’ అంటే శిఖరం. శిఖరంమీది దేవుడిని చూడటానికి వేటగాడు కొండ ఎక్కుతాడు. ఎక్కేకొద్దీ అతనిలో ప్రేమ పెరగడాన్ని శేక్కిళార్ ఆరోహణంగా మలిచాడు.

ఈ వర్ణనను నేటి స్థలంతో పోల్చి చూస్తే ఒక తలకిందులైన అమరిక కనిపిస్తుంది. కావ్యంలో దేవుడు కొండమీద, వేటగాడు కింద. నేటి క్షేత్రంలో దేవుడు కొండపాదంలో, వేటగాడు శిఖరాన. కావ్యంలో అతడు ఎక్కిన కొండ స్థలంలో అతనిదే అయింది. పెరియపురాణం చివర శివుడు అతన్ని తన కుడిపక్కన నిలిచి ఉండమంటాడు. ఆలయంలో గర్భగుడి ఎదుట కన్నప్ప విగ్రహం ఉన్నా, జనం నోట ‘కన్నప్ప గుడి’ అంటే కొండమీది గుడే. పక్కన నిలవమన్న మాటను కావ్యం చెబితే, పైన నిలిపే పనిని స్థలం చేసింది. భక్తుడు భగవంతుడికంటే ఎత్తున ఉండటమనే భావనకు ఇంతకంటే స్పష్టమైన నిర్మాణరూపం దక్షిణాది శైవక్షేత్రాలలో అరుదు.

శేక్కిళార్ కథనంలో సాధారణంగా విమర్శకుల దృష్టికి రాని మరొక వివరం ఉంది. లింగంమీద నీళ్లు, పూలు, ఆకులు ఎవరు ఉంచారని తిణ్ణనార్ అడుగుతాడు. మునుపు ఒక బ్రాహ్మణుడు అలా చేయడం చూశానని నాణన్ జవాబిస్తాడు. అంటే తిణ్ణనార్ చేసిన పూజ అతడు కల్పించుకున్నది కాదు. పూజ ఎలా ఉంటుందో విని, తన దగ్గరున్న వస్తువులతో అతడు ఆ పూజనే చేశాడు. చెంబు లేదు కాబట్టి నోరే చెంబు. పూలబుట్ట లేదు కాబట్టి జుట్టుముడే బుట్ట. చేతుల్లో విల్లు, మాంసపు దొన్నె ఉన్నాయి కాబట్టి లింగంమీది పాత పూలను తొలగించడానికి మిగిలింది చెప్పుకాలు. అతని అపచారాలన్నీ చేతులు చాలకపోవడంనుంచి పుట్టినవి. ఈ భౌతికమైన తర్కాన్ని కవి ఎంతో జాగ్రత్తగా నిలబెట్టాడు.

3. రెండు అనువాదాలు

ఆదిశంకరుల పేర ప్రసిద్ధమైన శివానందలహరిలో 63వ శ్లోకం ఈ వేటగాడిని గురించినది. అందులో అరిగిన చెప్పు కూర్చ అవుతుంది. పుక్కిటి నీళ్లు అభిషేకం అవుతాయి. తిని మిగిల్చిన మాంసం నైవేద్యం అవుతుంది. భక్తి ఏదైనా చేయగలదని, వనచరుడే భక్తశ్రేష్ఠుడయ్యాడని శ్లోకం ముగుస్తుంది. ప్రశంసలో లోటేమీ లేదు. అయితే శ్లోకం నడిచిన తీరును గమనించాలి. వేటగాడి ఒక్కొక్క చేష్టకూ ఆగమంలో ఒక్కొక్క పేరు వెతికి పెట్టడం దాని పద్ధతి. ఇది వేటగాడిని ఆలయభాషలోకి అనువదించడం. అతన్ని ఒప్పుకోవడానికి ముందు అతని పనికి తెలిసిన పేరు పెట్టవలసి వచ్చింది.

తెలుగులో 13వ శతాబ్దికి చెందిన పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో ఉడుమూరి కన్నప్ప కథను ద్విపదలో చెప్పాడు. జనం పాడుకోవడానికి అనువైన ఛందస్సు, జానుతెనుగు, కులాచారాలకు అతీతమైన భక్తి అనేవి ఆ కావ్యానికి పునాదులు. వీరశైవుల దృష్టిలో కన్నప్పకు సమర్థన అవసరం లేదు, అతడే ప్రమాణం. ఇతరులను కొలిచే కొలబద్దగా అతన్ని నిలపడం బసవపురాణం చేసిన పని.

16వ శతాబ్ది కవి ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో మరో దారి పట్టాడు. నాలుగు ఆశ్వాసాల ఈ ప్రబంధంలో తిన్నడి కథ అత్యంత సజీవమైన భాగమని విమర్శకులు సాధారణంగా అంగీకరిస్తారు. ఉడుమూరు ఎరుకల పల్లె, పిల్లవాడి ఆటలు, వేటకుక్కలు, వేటసన్నాహం అన్నీ అందులో వివరంగా ఉన్నాయి. ప్రబంధకవికి వేటవర్ణన ఆనవాయితీ. ధూర్జటి దాన్ని వర్ణనకోసం వర్ణనగా వదలలేదు. లింగాన్ని చూసిన క్షణంలో తిన్నడు ఏ మాట మాట్లాడతాడో దానికి కావలసిన లోకాన్ని ముందుగానే నిర్మించుకున్నాడు.

ఆ మాట ఒక ఆహ్వానం. తిన్నడు స్తోత్రం చదవడు, వరం అడగడు. కొండదగ్గర, క్రూరమృగాల మధ్య ఒంటరిగా ఎందుకున్నావని శివుణ్ణి ప్రశ్నిస్తాడు. ఆకలైతే పెట్టేవారెవరని బాధపడతాడు. తమ ఉడుమూరికి రమ్మని, అక్కడ దొరికే తిండినీ, సుఖాలనూ, మనుషుల తోడునూ చెప్పి బతిమాలతాడు. దేవుడు పలకడు. పలకకపోతే తానే ఆ ఏకాంతంలో ఉండిపోతాడు. శివానందలహరి శ్లోకంలో జరిగినదానికి ఇది ఎదురుదిశలో సాగిన అనువాదం. ఇక్కడ ఆగమం వేటగాడికి పేరు పెట్టదు. వేటగాడే శివుడిని తన ఊరిభాషలోకి తెచ్చుకుంటాడు. ఆ భాషలో శివుడు జగత్కర్త కాడు, దిక్కులేక ఆకలితో ఉన్న ఒక పెద్దమనిషి. వాయులింగానికి ఆకలి వేస్తుందన్న అనుమానం ఏ శాస్త్రానికీ తోచదు. వండిపెట్టే అలవాటున్న మనిషికి మాత్రమే తోస్తుంది.

ధూర్జటి ఈ కథకు అంతగా స్పందించడానికి అతని శతకంలో ఒక సూచన దొరుకుతుంది. శ్రీకాళహస్తీశ్వర శతకంలోని ఒక ప్రసిద్ధపద్యంలో సాలెపురుగు, పాము, ఏనుగు, చెంచు అనే నలుగురినీ ఒకే వరుసలో నిలిపి, వీరి ముక్తికి చదువు కారణం కాదని వాదించాడు. ఊరిపేరులో చోటు దక్కని నాలుగోవాణ్ణి ఆ పద్యం మిగతా ముగ్గురి పక్కకు చేర్చింది. రాజసేవను ఈసడించిన కవి, రాయలు గోపురం కట్టించిన కాలానికి చెందిన కవి, గోపురాన్ని వదిలి చెంచువైపు చూడటం యాదృచ్ఛికం కాదు.

4. శిల్పం: ఒక్క క్షణం ఎంపిక

కావ్యానికి ఆరు రోజుల కథ చెప్పే వెసులుబాటు ఉంది. శిల్పికి ఉన్నది ఒక్క ఫలకం. ఏ క్షణాన్ని చెక్కాలన్న ప్రశ్న అక్కడ వ్యాఖ్యానంగా మారుతుంది.

తిరువెణ్గాడులో దొరికి నేడు తంజావూరు ఆర్ట్ గ్యాలరీలో ఉన్న 11వ శతాబ్ది చోళకాంస్యంలో కన్నప్ప చేతులు జోడించి నిలబడి ఉంటాడు. తోలుబట్ట, పాదాలకు చెప్పులు అతన్ని వేటగాడిగా గుర్తుపట్టిస్తాయి. లింగం లేదు, రక్తం లేదు, కత్తిరించిన కథాఘట్టం లేదు. చెప్పులు విప్పకుండానే నమస్కరిస్తున్న మనిషి మాత్రం ఉన్నాడు. ఊరేగింపు విగ్రహాలకు ఉండవలసిన శాంతి ఇందులో ఉంది. ఆ శాంతిలోనే చెప్పులను వదలకుండా ఉంచిన శిల్పి నిజాయితీ కూడా ఉంది. 12వ శతాబ్దిలో రెండవ రాజరాజచోళుడి కాలపు దారాసురం ఐరావతేశ్వరాలయంలో నాయనార్ల కథలు చిన్న ఫలకాలుగా వరుసగా చెక్కారు. కన్నప్ప కథ కూడా ఆ వరుసలో చేరింది. అక్కడ అతడు అరవైముగ్గురిలో ఒకడు. శిల్పక్రమం అతని ప్రత్యేకతకంటే అతని సభ్యత్వాన్ని ఎక్కువగా చెబుతుంది.

విజయనగరకాలం నాటికి ఎంపిక దాదాపు స్థిరపడింది. రాయలసీమలోనూ, కర్ణాటకలోనూ విజయనగర మండపస్తంభాల చతురస్ర ఫలకాలమీద మళ్లీమళ్లీ కనిపించే రూపం ఒకటే. కన్నప్ప ఒక కాలు లింగంమీద మోపి, బాణంతో తన కన్ను పెకలించుకుంటున్నాడు. అనేకచోట్ల లింగంలోంచి శివుడి చేయి పైకి వచ్చి అతన్ని వారిస్తుంటుంది. శిల్పులు ఎంచుకోగల ఘట్టాలు ఇంకా ఉన్నాయి. నోటితో నీళ్లు పోయడం, మాంసం అర్పించడం, రాత్రంతా విల్లు పట్టుకొని కాపలా ఉండటం, అర్చకుడు చాటునుండి చూడటం, ఇవన్నీ కథలో ఉన్నవే. వాటిని కాదని పాదం, లింగం, కన్ను కలిసే క్షణాన్నే వారు తీసుకున్నారు.

ఈ ఎంపికకు రూపపరమైన కారణం ఉంది. ఆ భంగిమ లింగాన్నీ మనిషినీ ఒకే కర్ణరేఖమీద కలుపుతుంది. పాదంనుంచి కంటిదాకా గీసిన ఆ రేఖ చిన్న చతురస్రాన్ని పూర్తిగా వాడుకుంటుంది. అంతకంటే బలమైన కారణం అర్థపరమైనది. లింగంమీద కాలు పెట్టడం ఆలయంలో ఊహకు కూడా అందని అపచారం. రెండో కన్ను కూడా తీస్తే చూపు ఉండదు కాబట్టి, కన్ను అతికించవలసిన చోటుకు గుర్తుగా అతడు కాలు మోపాడు. ఇక్కడా తర్కం చేతులు చాలని మనిషిదే. అపచారం, త్యాగం అనేవి రెండు వేర్వేరు చర్యలు కావనీ, ఒకే చర్యకు రెండు పేర్లనీ ఆ శిల్పం ఏ మాటా లేకుండా చెబుతుంది. ఆలయంలోపలి స్తంభంమీద, నిత్యం ఆగమార్చన జరిగే చోట, ఈ దృశ్యాన్ని చెక్కనిచ్చిన సంప్రదాయపు ధైర్యాన్ని తక్కువ చేయరాదు.

1538 ప్రాంతపు లేపాక్షి వీరభద్రాలయంలో మరో కూర్పు ఉంది. ఏకశిలా నాగలింగం చెక్కిన గుండుమీదనే సాలెపురుగు, పాము, ఏనుగు లింగాన్ని సేవించే దృశ్యంతోపాటు కన్నప్ప కూడా చోటు చేసుకున్నాడు. కూర్మశైలమనే గుట్టమీది ఆలయంలో, విడిరాతిమీద, శ్రీకాళహస్తి క్షేత్రకథ సంక్షేపంగా అమరింది. ధూర్జటి శతకపద్యంలో కలిసిన నలుగురూ ఇక్కడ రాతిమీద కలిశారు. కవి, శిల్పి ఒకరినొకరు ఎరిగి ఉండనక్కరలేదు. 16వ శతాబ్ది రాయలసీమలో ఆ నలుగురినీ ఒక కుటుంబంగా చూసే ఊహ వాడుకలో ఉందనడానికి రెండూ సాక్ష్యాలే.

శ్రీకాళహస్తికి దగ్గరలోనే, ఏర్పేడు ప్రాంతంలోని గుడిమల్లంలో క్రీస్తుపూర్వపు శతాబ్దులనాటిదిగా పరిశోధకులు ఎంచే లింగం ఉంది. దానిమీద చెక్కిన పురుషమూర్తి ఒక చేత వేటజంతువును, మరో చేత చిన్న పాత్రను పట్టుకొని, భుజాన గండ్రగొడ్డలితో నిలబడి ఉంటాడు. ఈ మూర్తికీ కన్నప్పకూ నేరుగా సంబంధం కల్పించడం తొందరపాటు అవుతుంది. అయితే ఈ ఏటిలోయలో శివుడిని వేటగాడి వేషంలో ఊహించడం కావ్యాలకంటే ఎంతో పాతదని మాత్రం ఆ రాయి చెబుతుంది. తిన్నడు శివుడిని తన ఊరివాడిగా భావించడం ఈ నేలమీద వింతకాదు.

5. కలంకారీ: రక్తం ఎక్కడినుంచి వస్తుంది?

కొండమీది గుడినుంచి చూస్తే కనిపించే ఊరిలోనే కన్నప్పకు మరో కళారూపం దొరికింది. శ్రీకాళహస్తి కలంకారీ కలంతో గీసేది. ఆలయాలలో తెరలుగా, రథాలకు అలంకారంగా వేలాడదీసే పెద్ద గుడ్డలు దీని పాత రూపం. నడుమ పెద్ద మూర్తి, చుట్టూ వరుసలుగా చిన్న గడులు, గడుల పైన తెలుగులో కథావాక్యాలు దాని అమరిక. 19వ శతాబ్ది చివర శ్రీకాళహస్తిలో పంచకళ్ల పెద్దసుబ్బరాయుడు చిత్రించిన రామాయణపటం నేడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. 20వ శతాబ్ది మధ్యకు ఈ కళ క్షీణించగా, కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో 1950ల చివర ఇక్కడ శిక్షణకేంద్రం ఏర్పడింది. అక్కడ పాఠాలు చెప్పిన జొన్నలగడ్డ లక్ష్మయ్య కుమారుడు గురప్పచెట్టికి 2008లో పద్మశ్రీ లభించింది. 2005లో శ్రీకాళహస్తి కలంకారీ భౌగోళిక గుర్తింపు పొందింది.

స్తంభఫలకం కోల్పోయిన కాలక్రమాన్ని కలంకారీ తిరిగి ఇస్తుంది. గడి వెంట గడిగా వేట, కొండ, ఏరు, మాంసం, అర్చకుడు, కన్ను వరుసలో వస్తాయి. చూసేవాడు నడుస్తూ చదవాలి. శిల్పంలో త్యాగం మెరుపులా వస్తుంది. గుడ్డమీద అది ఆరు రోజుల సేవకు చివరి గడిగా వస్తుంది. కన్నప్ప కథలో ఆ చివరి క్షణం ఒక్కటే ముఖ్యమనుకునేవారికి కలంకారీ ఇచ్చే సమాధానం ఇదే. కన్ను ఇవ్వడానికి ముందు అతడు రోజూ అన్నం పెట్టాడు.

కలంకారీ పనివిధానంలో విమర్శకులు పట్టించుకోవలసిన విషయం ఎరుపురంగుకు సంబంధించినది. గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరబెడతారు. చింతబొగ్గుతో రూపురేఖలు గీసి, బెల్లంలో తుప్పుపట్టిన ఇనుము పులియబెట్టి తీసిన కసీంతో నల్లగీతలు దిద్దుతారు. ఎరుపు రావలసిన చోట ఎరుపు పూయరు. పటికనీళ్లు పూస్తారు. ఆ తరువాత గుడ్డను ఏటినీటిలో జాడించి, చవ్వేరు, మంజిష్ఠ వంటి వేళ్లు, చెక్కలతో కాచిన నీళ్లలో ఉడికిస్తే, పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు పట్టి నిలుస్తుంది. అంటే శివుడి కంట కారే రక్తాన్ని చిత్రకారుడు గీసేటప్పుడు ఆ రక్తం కంటికి దాదాపు కనిపించదు. మరిగే నీటిలోంచి బయటికి వచ్చినప్పుడే అది తేలుతుంది. కథలోనూ ఆ రక్తం లోపల ఉన్నదాన్ని బయటపెట్టే పరీక్షే. వస్తువూ విధానమూ ఇలా కలిసినచోట కళ అలంకారస్థాయిని దాటుతుంది.

కలంకారీకి పరిమితులు లేకపోలేదు. దేవతలకు నీలం, స్త్రీలకు పసుపు, రాక్షసులకు ఎరుపు వంటి వర్ణనియమాలు దానిలో బలంగా ఉన్నాయి. ఈ వర్ణక్రమంలో వేటగాడు ఎక్కడ చేరాలన్నది తేలికైన ప్రశ్న కాదు. అమ్మకంకోసం వేగంగా గీసే పటాలలో అతనికి కిరీటం లేని రాజకుమారుడి ముఖం రావడం కద్దు. ఆ ముఖంలో ఉడుమూరు కనిపించదు.

6. వెండితెర

1954లో వచ్చిన ‘కాళహస్తి మహాత్యం’లో కన్నడనటుడు రాజ్‌కుమార్ కన్నప్పగా నటించాడు. అదే ఏడాది కన్నడంలో ‘బేడర కణ్ణప్ప’ అతన్ని కథానాయకుడిగా నిలబెట్టింది. 1976లో బాపు దర్శకత్వంలో కృష్ణంరాజు నటించిన ‘భక్త కన్నప్ప’ తెలుగువారికి తిన్నడి రూపాన్ని స్థిరపరిచింది. 2025లో మంచు విష్ణు కథానాయకుడిగా వచ్చిన ‘కన్నప్ప’ చిత్రీకరణ చాలావరకు న్యూజిలాండ్‌లో జరిగింది.

సినిమాకు కథానాయకుడి పరివర్తన కావాలి. అందువల్ల నాస్తికుడు భక్తుడయ్యే మలుపు తెరమీద ప్రధానమయింది. ధూర్జటి తిన్నడు ఎవరినుంచీ ఏమీగా మారడు. అతడు మొదటినుంచీ తిండిపెట్టే మనిషి. పెట్టవలసినవాడు దొరికాడు, అంతే. పరివర్తనకథగా చెప్పినప్పుడు వేటగాడి పాత జీవితం వదిలించుకోవలసిన తప్పుగా మారిపోతుంది. ఇది శివానందలహరి శ్లోకంలోని అనువాదంకంటే ఒక అడుగు దూరంగా జరగడం. శ్లోకం అతని చేష్టలకు పేర్లు మార్చింది, చేష్టలను తప్పుబట్టలేదు. ప్రకృతి విషయంలోనూ మార్పు ఉంది. ఆకాశమెత్తు మంచుకొండల ముందు నిలిచిన కన్నప్ప గంభీరంగానే ఉండవచ్చు. కానీ శ్రీకాళహస్తి కొండ ముళ్లపొదలు, ఎండకు మాడిన గుండ్లు ఉన్న చిన్న గుట్ట. ఆ చిన్నతనమే కథకు ఆధారం. ఒక మనిషి నోటినిండా నీళ్లు పట్టుకొని ఎక్కగలిగినంత ఎత్తు అది.

7. ఎత్తు గౌరవమా, దూరమా?

పైన చెప్పినదానికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది. కన్నప్పను కొండమీద ఉంచడం గౌరవమని ఎందుకనుకోవాలి? ఆలయప్రాకారం వెలుపల ఉంచడానికి అది మర్యాదైన మార్గం కావచ్చు కదా? సంప్రదాయం కన్నప్ప ప్రేమను పొగిడింది, అతని పద్ధతిని కొనసాగించలేదు. గర్భగుడిలో నేడు జరిగేది కథలోని అర్చకుడు శివగోచరియార్ చేసిన పూజే. వేటగాడి నైవేద్యం కథలో మాత్రమే మిగిలింది. పూజ గెలిచింది అర్చకుడిది, పేరు గెలిచింది వేటగాడిది అని ఎవరైనా అంటే కాదనడం కష్టం. కన్నప్పను తమ పూర్వుడిగా భావించే బోయల వంటి సముదాయాలకు ఈ ప్రశ్న పుస్తకాలకు పరిమితమైనది కాదు.

ఈ ఆక్షేపణను పూర్తిగా తోసిపుచ్చడానికి వీలులేదు. అయినా రెండు విషయాలు దీన్ని సడలిస్తాయి. మొదటిది, కథలో అర్చకుడి స్థానం. అతడు ఓడిన ప్రతినాయకుడు కాడు. మాంసాన్ని చూసి దుఃఖించి, శుద్ధిచేసి, మళ్లీ పూజచేసిన అతని నిష్ఠ కూడా నిజమైనదే. దేవుడు అతన్ని శిక్షించలేదు, చాటున నిలబెట్టి చూడమన్నాడు. క్షేత్రంలో నేడు కనిపించే అమరిక ఆ దృశ్యానికే కొనసాగింపు. కింద అర్చకుడు, పైన వేటగాడు, ఇద్దరికీ ఒకే దేవుడు. రెండోది, కాలక్రమం. ఉత్సవపు తొలిజెండా కొండమీద ఎగరడం వల్ల ఆగమోక్తమైన బ్రహ్మోత్సవం ఆగమం తెలియని మనిషి దగ్గర మొదలవుతుంది. ఏడాదికి రెండుమార్లు, కనుమనాడూ శివరాత్రి ఉత్సవాలలోనూ, స్వామి గిరిప్రదక్షిణకు బయలుదేరతాడు. తిన్నడు ‘మా ఊరికి రా’ అని పిలిచిన పిలుపుకు ప్రబంధంలో దేవుడు కదలలేదు. ఉత్సవంలో దేవుడు గుడి విడిచి కొండదారి పడతాడు. ఆ పిలుపుకు ఇది ఆలస్యంగా అందిన జవాబుగా చదవడానికి అవకాశముంది.

అయితే ఈ చదువు నిలవాలంటే కొండ కొండగా కనిపిస్తూ ఉండాలి. 2010 మే 26న రాయల గాలిగోపురం కూలిపోయింది. 2017లో కొత్త గోపురం నిలిచింది. పెద్ద కట్టడం పడితే దేశమంతా తెలుస్తుంది, మళ్లీ కట్టడానికి చేతులు వస్తాయి. చిన్న గుడి పడనక్కరలేదు. మీద రంగులు పూసినా, మెట్లకు పలకలు పరిచినా, కొత్త విగ్రహాలతో చుట్టూ నింపినా దాని పాత రూపం నిశ్శబ్దంగా పోతుంది. కన్నప్పకొండ గుడి కొలతలు, రాతిపని, విగ్రహలక్షణాలు, మెట్లదారి, ధ్వజారోహణ విధానం, దానిలో పాల్గొనే కుటుంబాల మౌఖికకథనాలు ఒకచోట నమోదు కావాలి. తెలుగుశాఖలు, చరిత్రశాఖలు, ఊరి కలంకారీ కళాకారులు కలిసి చేయదగిన పని ఇది.

8. ముగింపు

కన్నప్ప కథను స్వీకరించిన కళలన్నీ అతన్ని ఏ భాషలో చెప్పాలన్న ప్రశ్నను ఎదుర్కొన్నాయి. శివానందలహరి శ్లోకం అతని చేష్టలను ఆగమభాషలోకి తెచ్చింది. సోమనాథుడు అతన్నే ప్రమాణం చేశాడు. ధూర్జటి శివుడినే ఉడుమూరి భాషలోకి తెచ్చాడు. చోళకాంస్యం అతని చెప్పులను వదలలేదు. విజయనగర స్తంభం అపచారాన్నీ త్యాగాన్నీ ఒకే రేఖలో కలిపింది. కలంకారీ ఆ క్షణానికి ముందున్న రోజులను తిరిగి ఇచ్చింది. సినిమా అతనికి పరివర్తన అంటగట్టింది.

వీటిలో వేటగాడిని సరిదిద్దకుండా చూపిన రూపాలే ఎక్కువకాలం నిలిచాయి. కొండమీది గుడి కూడా ఆ కోవలోదే. దానికి గోపురవైభవం లేదు, రాజుల పేర్లు లేవు. నోటితో నీళ్లు తెచ్చిన మనిషి ఎక్కిన కొండ అది. అతడు ఎక్కి వచ్చినది దేవుడికి అన్నం పెట్టడానికి. పైకి ఎక్కి చూసేవారికి అక్కడినుంచి ఏరు, ఊరు, కొత్త గోపురం, ఆలయం అన్నీ ఒకే చూపులో అందుతాయి. రాత్రివేళ విల్లు పట్టుకొని కాపలా ఉన్నవాడికి అనువైన చోటు అదే.